కుర్చీ పాడైంది

మధ్యాహ్నం, బేరాలు లేని వేళ. ఆడవాళ్ళ పార్లర్లో ఇద్దరే ఉన్నారు: పార్లర్ నడిపే వదిన, ఆవిడ తమ్ముడి భార్య అయిన మరదలు. వదిన జుట్టు కత్తిరిస్తుంది. మరదలు బడిలో ఇంగ్లీషు చెబుతుంది, ఆ మాటకొస్తే అడక్కపోయినా చెబుతుంది.

“అది కాదు వదినా, ఫోన్లో అచ్చంగా ఏమన్నారో చెప్పండి. ఒక్క ముక్క మార్చకుండా.”

“ఏమంటాను? కుర్చీ పాడైందన్నాను.”

“తెలుగులో కాదు. అతనికి తెలుగు రాదుగా. ఇంగ్లీషులో ఏమన్నారు?”

“వాళ్ళ భాష నాకు రాదు, నా భాష ఆ మెకానిక్కుకి రాదు. మధ్యలో ఈ ఇంగ్లీషొకటి వచ్చి కూర్చుంది మా ప్రాణానికి. ‘చైర్ బ్రోక్’ అన్నాను.”

“అయ్యో.”

“అయ్యో ఏమిటే? చైర్ అంటే కుర్చీ. బ్రోక్ అంటే విరిగింది. ఇందులో అయ్యో ఎక్కణ్ణించి వచ్చింది?”

“దానికి అతనేమన్నాడు?”

“‘ఓ, సారీ’ అన్నాడు. రేపు కొత్త మనిషి వస్తాడన్నాడు. పెట్టేశాడు.”

“పెట్టేయడా మరి! మీరు చెప్పింది వార్త. రేడియోలో చదివినట్టు. ఎప్పుడో, ఎక్కడో ఓ కుర్చీ విరిగింది, దాని కథ ముగిసింది. సింపుల్ పాస్ట్! అతను పాపం చుట్టం పోయినట్టు సారీ చెప్పి ఊరుకున్నాడు.”

“మరేమనాలట?”

“‘ద చైర్ హ్యాజ్ బ్రోకెన్.’ అంటే విరిగింది, ఇప్పటికీ విరిగే ఉంది, నేను దాని ముందు నిలబడి దిక్కులు చూస్తున్నాను, నువ్వు బయల్దేరు, అని.”

“ఒక్క ‘హ్యాజ్’లో అంతుందా?”

“అంతా ఉంది. ప్రెజెంట్ పర్ఫెక్ట్ అంటారు.”

“మనం ‘పాడైంది’ అంటే చాలు, ఎవరైనా పరిగెత్తుకొస్తారు. వాళ్ళకెందుకమ్మా ఇంత గోల?”

“మనకి ఒకటే మాట వదినా. నిన్న పాడై ఈపాటికి బాగైనా పాడైందే, ఇప్పుడు మన కళ్ళముందు పాడై ఉన్నా పాడైందే. ఇంగ్లీషువాళ్ళు అలా ఒప్పుకోరు. ముగిసిపోయినవన్నీ ఒక గదిలో, ఇంకా మన మెడకి చుట్టుకుని ఉన్నవన్నీ ఇంకో గదిలో పెడతారు.”

“ఇల్లు పెద్దదేమో వాళ్ళది.”

“గుర్తు చెప్తా వినండి. ‘ఎప్పుడు?’ అని అడిగితే జవాబుందా? నిన్న, పొద్దున, పోయిన వారం, ఇలా? అయితే సింపుల్ పాస్ట్. ‘ఎప్పుడైతేనేం, ఇప్పుడెలా ఉందో చూడు’ అనాలా? అది ప్రెజెంట్ పర్ఫెక్ట్. మొన్న మా క్లాసులో ఓ పిల్లాడు ‘మా తాత హ్యాజ్ డైడ్ లాస్ట్ ఇయర్’ అని రాశాడు. పోయిన ఏడాది అన్నాక మళ్ళీ హ్యాజ్ ఏమిటి? ఎర్ర సిరాతో కొట్టేశాను.”

“తాత పోయాడని రాస్తే హ్యాజ్ కొట్టేశావా! వాణ్ణి ఓదార్చావా లేదా?”

“పక్కన సారీ అని రాశాను.”

“అబ్బ, ఏం జాలి తల్లీ నీది.”

“నన్నంటారు గానీ మీ తమ్ముడి సంగతి చూడండి. ఫోన్ చేస్తే ‘వచ్చేశా, వచ్చేశా’ అంటారు. వెనకాల బకెట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు! అది ఏ టెన్సో ఏ గ్రామర్లోనూ లేదు.”

“వాడు చిన్నప్పట్నించీ అంతే. ‘తినేశా’ అనేవాడు. కంచం నిండుగా ఉండేది.”

“సరే, మన పాఠానికి రండి. కుర్చీ ఎప్పుడు పాడైంది?”

“అదీ...”

“పొద్దున్నా?”

“పొద్దున్నే అనుకో.”

“అనుకోవడమేమిటి? పాడైందా, పాడైందనుకోవాలా?”

“ఖాళీగా కూర్చున్నావు, ఆ టవల్స్ కాస్త మడతపెట్టు.”

“మీరే కదా ఫోన్ చేసి కొంప మునిగింది రమ్మన్నారు! నా క్లాసు ఇంకో టీచరమ్మ నెత్తిన పడేసి వచ్చాను. ఇక్కడికొచ్చి టవల్సా?”

“మునిగింది కాబట్టే రమ్మన్నాను. ఆ మెకానిక్కుకి ఇవాళే ఇక్కడ ఆఖరి రోజట. రేపట్నించీ వేరే ఊరు వేశారట.”

“అయితే ఏం? కొత్తవాడొస్తాడు. స్క్రూడ్రైవరు ఎవరి చేతిలో ఉంటే కుర్చీకేం?”

“కొత్తవాడికి మన కుర్చీ సంగతి ఏం తెలుస్తుందే? ఆయనైతే పెడల్ మీద కాలు పెడితే చాలు, దానికెక్కడ నొప్పో చెప్పేస్తాడు. పనయ్యాక నేల కూడా తుడిచి వెళ్తాడు. నా దువ్వెనలు అడ్డమైతే తీసి పక్కన పెట్టి, మళ్ళీ అదే వరసలో సర్దుతాడు. ఆయన ఏనాడూ...”

“ఆగండాగండి. ఆయనా?”

“ఏం?”

“ఇందాక ‘మెకానిక్కు’ అన్నారు. ఇప్పుడు ‘ఆయన’ అయ్యాడే!”

“పెద్దమనిషిని వాడూ వీడూ అనమంటావా?”

“అతను అనొచ్చు. మెకానిక్ గారు అనొచ్చు. నాకు పెళ్ళయ్యాక మీ తమ్ముణ్ణి ‘ఆయన’ అనడానికి ఏడాది పట్టింది.”

“నోరు ముయ్యి.”

“మూశాను. ఇది సింపుల్ పాస్టా, పర్ఫెక్టా?”

“ఇంకా తెరిచే ఉంది. ఏదీ కాదు.”

“అమ్మో, పాఠం బానే ఎక్కుతోందే! సరే వదినా, నిజం చెప్పండి. ఈ కుర్చీ నెలనెలా ఎందుకు పాడవుతోంది?”

“వస్తువన్నాక పాడవదూ?”

“పోయిన నెల పోస్టాఫీసావిడ కూర్చుంటే మెల్లగా కిందికి దిగిపోయిందన్నారు.”

“పాపం, చూస్తుండగానే దిగిపోయింది. అద్దంలో ఆవిడ నుదురొక్కటే మిగిలింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని కత్తిరించాను. అయినా బాగా కుదిరిందనే అంది.”

“మరి అలాంటి కుర్చీని అవతల పారేసి ఇంకోటి కొనుక్కోవచ్చుగా?”

“ఎందుకు? ఆయన వచ్చి బాగుచేస్తున్నాడుగా.”

“బాగుచేస్తే మళ్ళీ ఎందుకు పాడవుతోంది?”

“బాగుచేశాడు కాబట్టే... అబ్బా, నీ ప్రశ్నలూ నువ్వూ! టీచర్లతో ఇదే చావు.”

“ఊరు మారుతున్నట్టు అతను మీకెప్పుడు చెప్పాడు?”

“పోయిన మంగళవారం.”

“ఇంకేమన్నాడు?”

“ఏమీ అన్లేదు.”

“వదినా.”

“అన్లేదే బాబూ. అడిగాడంతే.”

“ఏమని?”

“టవల్ అలా కాదు, పొడుగ్గా మడవాలి.”

“వదినా!”

“‘ఆర్ యు మ్యారీడ్’ అని అడిగాడు. చాలా? కడుపు నిండిందా?”

“ఓరి దేవుడో! ఇంత మాట వారం రోజులు దాచుకున్నారా! దానికి మీరేమన్నారు?”

“ఉన్నమాటే అన్నాను. పెళ్ళి చేసుకోలేదన్నాను.”

“ఇంగ్లీషులో వదినా, ఇంగ్లీషులో!”

“‘ఐ డిడ్ నాట్ మ్యారీ’ అన్నాను.”

“అయ్యో అయ్యో అయ్యో.”

“ఏమైందే? మళ్ళీ రేడియో వార్తేనా?”

“వార్త కాదు, సంతాప సభ! ‘డిడ్ నాట్ మ్యారీ’ అంటే ఆ వయసూ ఆ ముచ్చటా అన్నీ అయిపోయాయి, తలుపు మూసి గొళ్ళెం పెట్టేశాను, ఇంక తట్టకు నాయనా, అని.”

“అంత మాట నేనెప్పుడన్నాను?”

“మీరు అనలేదు. మీ ‘డిడ్’ అంది.”

“దాని మొహం మండా.”

“అప్పుడు అతని మొహం ఎలా ఉంది?”

“‘ఓ’ అన్నాడు. కాసేపు చేతిలో స్క్రూడ్రైవరు వంకే చూశాడు. సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు. టీ పెట్టిచ్చాను, ముట్టుకోనేలేదు. టీ బాలేదనుకున్నాను పిల్లా. అప్పట్నించీ చక్కెర ఎక్కువ వేస్తున్నాను.”

“‘ఐ హ్యావ్ నాట్ మ్యారీడ్’ అని ఉంటే ఆ టీ తాగేవాడు.”

“దానికీ దీనికీ ఏమిటే తేడా? రెండూ ‘చేసుకోలేదే’గా!”

“‘హ్యావ్ నాట్’ అంటే ఇంతవరకూ కాలేదు. ముందు సంగతి ఎవరు చూశారు, అని. మన ‘లేదు’ మంచిది వదినా, అందులో రెండూ ఇమిడిపోతాయి. ఎవరైనా వచ్చి ‘తిన్నావా’ అంటే మనం ‘తిన్లేదు’ అంటాం. అంటే పెడితే తింటామనే కదా! వినేవాడికి తెలుస్తుంది. ఆ ‘డిడ్ నాట్’కి అంత దయ లేదు.”

“నాకేం తెలుసు ఇవన్నీ? సంబంధాలొచ్చే రోజుల్లో తమ్ముడి చదువవ్వాలన్నాను. తర్వాత పార్లర్ నిలదొక్కుకోవాలన్నాను. ఆ తర్వాత అడగడమే మానేశారు. అందరూ కలిసి నాకు ఆ ‘డిడ్ నాట్’ తగిలించేశారు. నేను కూడా ఊరుకున్నాను. ఆ మనిషి అడిగేసరికి... నీ దగ్గర దాపరికమెందుకు, సంతోషమేసింది పిల్లా. నన్ను కూడా అడిగేవాళ్ళున్నారా అనిపించింది. రేపట్నించీ రాడంటే చేతులాడ్డం లేదు. పొద్దున్న ఒకావిడ చివర్లు కొంచెం కత్తిరించమంటే మెడ దాకా లేపేశాను.”

“అయ్యో, ఏడవకండి వదినా.”

“ఏడవట్లేదు. స్ప్రే పడింది కంట్లో.”

“స్ప్రే మూత పెట్టే ఉంది. ముందు మొహం తుడుచుకోండి, ఈ పొడుగు మడత టవల్తో. ఇప్పుడనండి. ‘ద చైర్ హ్యాజ్ బ్రోకెన్.’”

“ద చైర్... హ్యాజ్ బ్రోకెన్.”

“ఆ హ్యాజ్ మీద ఒత్తు పెట్టండి. ఫోన్ కొట్టేముందు అసలు ఏం పాడైందో నేనూ చూస్తాను, అడిగితే చెప్పాలిగా. ఇదేంటి? బానే లేస్తోందే! దిగమంటే దిగుతోంది కూడా. వదినా, కుర్చీకేమీ కాలేదు.”

“పాడైంది.”

“నేను అందులోనే కూర్చున్నాను!”

“లే.”

“ఎందుకు?”

“లే అంటే లే.”

“ఏంటది సొరుగులోంచి తీస్తున్నారు? స్క్రూడ్రైవరా? దువ్వెనల సొరుగులో స్క్రూడ్రైవరేమిటి? వదినా! కింద దూరి ఏం చేస్తున్నారు?”

“గ్రామర్ సరిచేస్తున్నాను.”

“ఏమిటీ!”

“హ్యాజ్ అంటే ఇప్పటికీ పాడై ఉండాలన్నావుగా. ఆయనతో నేను అబద్ధమాడను. హమ్మయ్య, వదులైంది. ఇప్పుడు హ్యాజ్ బ్రోకెన్. ఆ ఫోనిలా ఇవ్వు.”

“అంటే ఇన్నాళ్ళూ... నెలనెలా... పోస్టాఫీసావిడ నుదురు... అదంతా మీ చేతి చలవేనా!”

“ఫోనిమ్మన్నానా?”

“నిజంగా వదులైందేమో ఒక్కసారి కూర్చుని చూడనా?”

“కూర్చోకు, నడుం విరుగుతుంది. ఉష్, మోగుతోంది... హలో! సర్! ద చైర్ హ్యాజ్ బ్రోకెన్! ... హలో?”

“ఏమన్నాడు?”

“పెట్టేశాడు.”

“ఏమీ అనకుండానా?”

“పొద్దున్న నా తప్పుల ఇంగ్లీషుకి కనీసం సారీ అన్నాడు. నీ పర్ఫెక్టుకి అదీ లేదు. చదువుకున్నదానివని పిలిచాను చూడు, నన్ననాలి.”

“ఒత్తు ఎక్కువైందేమో. అరిచినట్టనిపించింది.”

“ఒత్తమన్నది ఎవరు?”

“ఉండండి, ఫోన్ మోగుతోంది.”

“అదిగో! ఆయనే! ఇవ్వు, ఇవ్వు!”

“మీది కాదు, నాది. మీ తమ్ముడు. హలో... ఆ, మీ అక్క దగ్గరే ఉన్నాను... వచ్చేశారా? ఎక్కడికి వచ్చేశారు? ... ఇంకా ఆఫీసులోనే ఉండి వచ్చేశానంటారేమిటండీ! ... లేదు, మీ అక్కకి ఒంట్లో బానే ఉంది. కుర్చీకే బాలేదు. పెడుతున్నా.”

“పెట్టు, పెట్టు. లైను ఖాళీగా ఉంచు.”

“మీ లైను వేరు, నా లైను వేరు వదినా.”

“ఏమో, ఎందుకైనా మంచిది. ఇంక రాడే. నాకు తెలుసు. ఈపాటికి సామాను సర్దుకుంటూ ఉంటాడు. నేనే ఆ గొళ్ళెం పెట్టాను, నేనే బయట నుంచుని కొడుతున్నాను.”

వీధి తలుపు దడాలున తెరుచుకుంది. మెకానిక్ రొప్పుకుంటూ లోపలికొచ్చాడు. పనిముట్ల సంచీ భుజం మీంచి మోచేతిలోకి జారిపోయి ఉంది.

“మేడమ్! ఐ హ్యావ్ కమ్!”

“చూశారా వదినా? ‘వచ్చేశాను’ అంటున్నాడు. నిజంగా వచ్చాక ఆ మాట అన్న మగాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను.”

“ఊరుకోవే. పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, మంచినీళ్ళివ్వు.”

“వాట్ హ్యాపెన్డ్ టు ద చైర్, మేడమ్?”

“చెప్పండి వదినా.”

“ఏం చెప్పను?”

“కుర్చీ సంగతి తర్వాత. ముందు ఆ రెండోది చెప్పండి. ‘హ్యావ్ నాట్’ది.”

“ఇప్పుడా! కుర్చీ కింద తల పెట్టి ఉన్నాడే!”

“ఇప్పుడు కాకపోతే రేపు కొత్తవాడికి చెబుతారా?”

“సర్... లాస్ట్ ట్యూస్డే... ఐ సెడ్ రాంగ్.”

“రాంగ్? వాట్ రాంగ్?”

“ఐ హ్యావ్ నాట్ మ్యారీడ్.”

“ఎస్ మేడమ్. యూ డిడ్ నాట్ మ్యారీ. యూ టోల్డ్ మీ.”

“నో, నో డిడ్! నో డిడ్ సర్! హ్యావ్! హ్యావ్ నాట్!”

“హ్యావ్ నాట్... యెట్?”

“పిల్లా, యెట్ అంటున్నాడు. యెట్ అంటే ఏమిటే?”

“‘ఇంకా’ అని వదినా! ఇంకా చేసుకోలేదా అని! అవుననండి, అవుననండి!”

“యెట్ సర్! యెట్! వెరీ యెట్!”

“వదినా...”

“నవ్వుతున్నాడేమిటే? తప్పన్నానా?”

“అన్నారు. ఈ తప్పు మాత్రం నేను దిద్దను. అలాగే ఉండనివ్వండి.”

“మేడమ్. హూ ఓపెన్డ్ దిస్ స్క్రూ?”

“చచ్చాం. పట్టుకున్నాడు.”

“చెప్పేయండి వదినా. అంత మాట చెప్పగలిగారు, ఇదెంత?”

“ఐ ఓపెన్డ్, సర్. టుడే ఐ ఓపెన్డ్. లాస్ట్ మంత్ ఐ ఓపెన్డ్. బిఫోర్ లాస్ట్ మంత్ ఆల్సో ఐ ఓపెన్డ్. యూ కమ్... సో ఐ ఓపెన్డ్. సారీ సర్.”

“భలే! ప్రతిదానికీ ‘ఎప్పుడు’ ఉంది, అన్నిటికీ సింపుల్ పాస్టే పడింది. నూటికి నూరు వదినా!”

“నా పరువు పోతుంటే మార్కులేస్తావేమే!”

“దిస్ స్క్రూ, మేడమ్? దిస్ వన్?”

“ఎస్ సర్. దట్ వన్.”

“మేడమ్, దిస్ ఈజ్ ఓన్లీ ఫర్ ద కవర్. ఫర్ డస్ట్. చైర్ ఈజ్ ఫైన్ వితౌట్ ఇట్.”

“ఏమంటున్నాడు?”

“అది పైన రేకు మూత స్క్రూ అట వదినా. దుమ్ము పడకుండా పెట్టిందట. అది ఊడదీస్తే కుర్చీకేమీ అవదట.”

“అవకపోవడమేమిటి? పోస్టాఫీసావిడ దిగిపోలేదూ! ఉత్తుత్తినే నేను మోకాళ్ళ మీద కూర్చున్నానా?”

“నన్నడుగుతారేం, ఆయన్నే అడగండి.”

“సర్, దెన్ వై చైర్ గోయింగ్ డౌన్? ఎవ్రీ మంత్ గోయింగ్ డౌన్! ఎవ్రీ మంత్ యూ రిపేర్డ్!”

“ఇన్‌సైడ్ ద పంప్, మేడమ్, వన్ రబ్బర్ రింగ్ ఈజ్ బ్యాడ్. ఐ సా ఇట్ ఆన్ ద ఫస్ట్ డే.”

“పంపు లోపల రబ్బరు రింగొకటి పోయిందట. వచ్చిన మొదటి రోజే చూశాడట వదినా.”

“మొదటి రోజే చూశాడా! చూసి ఇన్నాళ్ళూ... సర్! ఫస్ట్ డే యూ సా! టుమారో యూ గో! దెన్ మై చైర్?”

“టుమారో? హౌ కెన్ ఐ గో, మేడమ్? ఐ హ్యావ్ నాట్ రిపేర్డ్ ఇట్ యెట్.”